చుక్క చుక్కగా: కందుకూరు మాస్టారి స్పెక్ట్రమ్‌కి కొత్త ప్రింటరు

మాస్టారు సంచిలోంచి ముందు కంప్యూటరు తీయలేదు. పాత డైరీ ఒకటి తీసి, మడత పడకుండా అందులో దాచుకున్న కాగితం పట్టీని నా బల్ల మీద పరిచారు. అరచెయ్యంత వెడల్పు, వెండి రంగు. తిప్పితే రేకులా మెరుస్తోంది. దాని మీద నల్లటి చుక్కలతో పైన తెలుగులో 'కందుకూరు' అని ఉంది, కింద 12వ ఎక్కం ఉంది.

"1986లో తీసింది అబ్బయ్యా ఇది. ఇట్టాంటిది ఇంకోటి తియ్యాల" అన్నారు.

నాకు నెల్లూరులో ట్రంక్ రోడ్డుకి దగ్గర్లో రిపేరు షాపు ఉంది. రొయ్యల వ్యాపారుల ఎలక్ట్రానిక్ కాటాలు, కిరాణా షాపుల బిల్లు ప్రింటర్లు నా రోజువారీ పని. మాస్టారిది కందుకూరు. 2022లో జిల్లాలు మారేదాకా అది ప్రకాశం జిల్లాలో ఉండేది, అప్పుడు మా నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వాళ్ల తమ్ముడు ఇంగ్లండులో ఉండగా 1984లో ఆయనకోసం రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే కంప్యూటరు, రెండోది జెడ్ఎక్స్ ప్రింటరు. రబ్బరు కీలు, మూలన ఇంద్రధనుస్సు గీతలు ఉన్న ఆ నల్లటి పెట్టె ఇంకా పనిచేస్తోంది. ప్రింటరు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఇరవైకి పైగా క్యాసెట్లలో ఆయన రాసిన ప్రోగ్రాములున్నాయి. వాటన్నిటి లిస్టింగులూ, అంటే ప్రోగ్రాముల్లోని లైన్లన్నీ, కాగితం మీద చూసుకోవాలని ఆయన కోరిక.

ఉన్నమాట ముందే చెప్పేశాను. క్యాసెట్టును లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎమ్యులేటర్‌లో, అంటే లాప్‌టాప్‌లోనే స్పెక్ట్రమ్‌లా నడిచే ప్రోగ్రాములో, తెరిచి మామూలు ప్రింటర్లో తీస్తే ఒక పూట పని, ఖర్చు కూడా ఉండదు అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "మా మనవడు చేసి చూపించాడు. అదీ బాగానే ఉంది. నేను అడిగేది, దీని మీద కాపీ అని కొడితే కాగితం రావాలని" అన్నారు. స్పెక్ట్రమ్‌లో ఆ మాటను అక్షరం అక్షరం కొట్టక్కర్లేదు. జెడ్ కీ ఒక్కసారి నొక్కితే 'కాపీ' అన్న మాట మొత్తం స్క్రీను మీద పడుతుంది, ఎంటర్ కొట్టగానే ప్రింటరు కదులుతుంది. పద్నాలుగేళ్ల పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆయన ఆ పని చేసేవారు. ఆయనకు కావలసింది అదేనని నాకు అర్థమైంది.

కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే ఒక మాట గట్టిగా అనుకున్నాను. కంప్యూటర్లో ఒక్క తీగ కూడా కోయకూడదు, ఆయన ప్రోగ్రాముల్లో ఒక్క లైను కూడా మార్చకూడదు. వెనకాల ఉన్నది పాత ప్రింటరు కాదన్న సంగతి కంప్యూటరుకు తెలియకూడదు. పాత ప్రింటర్ని కూడా విడిభాగాల కోసం విప్పకుండా అలాగే ఉంచాలి.

పాత ప్రింటరు ఎందుకు బాగుపడదు

అయినా ముందు దాన్నే చూశాను. సింక్లెయిర్ కంపెనీ దీన్ని 1981లో 49.95 పౌండ్లకు అమ్మింది. ఇందులో ఇంకు లేదు, రిబ్బను లేదు. నల్లటి కాగితం మీద సన్నటి అల్యూమినియం పూత ఉంటుంది. ఒక బెల్టుకు బిగించిన రెండు స్టైలస్‌లు, అంటే సన్నటి లోహపు ముళ్లు, ఒకదాని తర్వాత ఒకటి కాగితం మీద అడ్డంగా గీసుకుంటూ పోతాయి. చుక్క పడాల్సిన చోట ముల్లులోకి కరెంటు వెళ్తుంది, చిన్న నిప్పురవ్వ లేచి అక్కడి అల్యూమినియం కాలిపోతుంది, కింది నలుపు బయటపడుతుంది. ప్రింటు అవుతున్నంతసేపూ గది కాలిన వాసన వచ్చేదని మాస్టారు చెప్పారు. 40 ఏళ్లయినా ఆయన పట్టీ వెలిసిపోకపోవడానికి కారణం కూడా ఇదే. అందులో వెలిసిపోవడానికి రంగనేదే లేదు.

ఆయన ప్రింటర్లో మోటారు తిరుగుతోంది. స్టైలస్‌లను లాగే బెల్టు తెగింది, ఒక ముల్లు అరిగి మొండి అయింది. బెల్టు ఎలాగో తయారు చేయించవచ్చు. కాగితం మాటేమిటి? ఆ పూత కాగితం ఇప్పుడు బజార్లో దొరకదు. పాత స్టాకు చుట్టలు ఎక్కడో ఒకటీ అరా దొరికినా, ఇరవై క్యాసెట్ల లిస్టింగులకు అవి ఎన్ని కావాలో చెప్పలేం. కాగితం దొరకని ప్రింటర్ని బాగుచేసి ఇవ్వడం కస్టమరును మోసం చేసినట్టే అవుతుంది. దాన్ని శుభ్రంగా తుడిచి, బట్టలో చుట్టి మాస్టారికే ఇచ్చేశాను.

కంప్యూటరు ఏం అడుగుతుంది

ఈ పనిలో అసలు విషయం ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ప్రింటరు అనగానే కంప్యూటరు అక్షరాలు పంపుతుంది, ప్రింటరు వాటిని అచ్చేస్తుంది అనుకుంటాం. మా షాపుకు వచ్చే బిల్లు ప్రింటర్లు అలాంటివే. జెడ్ఎక్స్ ప్రింటరుకు అక్షరం అంటే ఏమిటో తెలియదు. అడ్డంగా 256 చుక్కలు, అంతే. అక్షరాన్ని చుక్కలుగా విడగొట్టే పని మొత్తం స్పెక్ట్రమ్ రోమ్‌లోనే, అంటే దాని చిప్పులో శాశ్వతంగా ఉండే ప్రోగ్రాములోనే, జరుగుతుంది. ఒక అక్షరం 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. లైనుకు 32 అక్షరాలు. కాపీ కొడితే స్క్రీను పై 22 లైన్లు, అంటే 176 చుక్కల వరసలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి.

బయటికి వచ్చే దారి ఒకటే, పోర్టు 251. రోమ్‌లో ఆ పని చేసే రొటీను, అంటే ప్రోగ్రాము ముక్క, చాలా చిన్నది. దాన్ని కాగితం మీద రాసుకుని, లైను లైనుకీ పక్కన తెలుగులో అర్థం రాసుకున్నాను. ప్రతి వరస మొదట్లో అది పోర్టుకు 'మోటారు తిప్పు' అని ఒక మాట రాస్తుంది. తర్వాత అదే పోర్టును చదువుతుంది. చదివిన బైటులో (బైటు అంటే 0 నుంచి 7 దాకా నంబర్లున్న ఎనిమిది బిట్లు, ఒక్కోటీ 0 గానీ 1 గానీ) 6వ బిట్ 1 ఉంటే ప్రింటరు లేదనుకుని వెనక్కి వెళ్లిపోతుంది, 0 ఉంటే ప్రింటరు ఉన్నట్టు. ఇక 7వ బిట్ 1 అయ్యేదాకా తిరిగి తిరిగి చదువుతూనే ఉంటుంది. స్టైలస్ కాగితం అంచుకు చేరిందని దాని అర్థం. అలా చదివే ప్రతిసారీ ఎవరైనా బ్రేక్ కీ నొక్కారా అని కూడా చూస్తుంది. 7వ బిట్ వచ్చాక చుక్కల పని మొదలవుతుంది. 0వ బిట్ 1 అయ్యేదాకా ఆగి ఒక చుక్క రాస్తుంది, మళ్లీ ఆగి ఇంకో చుక్క రాస్తుంది. రాసే బైటులో 7వ బిట్ 1 అయితే నలుపు, 0 అయితే ఖాళీ. ఇలా 256 సార్లు. అంతా అయ్యాక 2వ బిట్ 1 చేసి రాస్తే మోటారు ఆగిపోవాలి. చివరి రెండు వరసలకు మోటారు నెమ్మదించాలని 1వ బిట్‌తో చెబుతుంది. మనకు ఆ మోటారు లేదు గనక దాన్ని పట్టించుకోలేదు.

ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే, తొందర పెట్టే హక్కు కంప్యూటరుకు లేదు. సిద్ధం అని మనం చెప్పేదాకా అది ఎంతసేపైనా ఆగుతుంది. 1981లో ఒక చిన్న మోటారు వేగానికి కంప్యూటరు తగ్గి ఉండాలని చేసిన ఏర్పాటు, ఇప్పుడు మన చవక మైక్రోకంట్రోలరుకు అక్కరకొచ్చింది.

ఇదంతా వదిలేసి, ఎల్‌ప్రింట్ (ప్రింటరు మీద అచ్చేయమనే ఆదేశం) అన్నప్పుడు వచ్చే అక్షరాలను పట్టుకుని బిల్లు ప్రింటరుకు దాని భాషలో పంపే దారి కూడా ఉంది. రోమ్ బదులు వేరే ప్రోగ్రాము ఎక్కించాలి, అంతే. ఇంగ్లిషు అక్షరాలు చక్కగా, నున్నగా వస్తాయి కూడా. ఆ వెండి పట్టీ మీద 'కందుకూరు' చూసినప్పుడే ఆ దారి వద్దనుకున్నాను. ఆ తెలుగు అక్షరాలు ఏ ప్రింటర్లోనూ లేవు, మాస్టారే తయారు చేసుకున్నారు. స్పెక్ట్రమ్ మనకు సొంత బొమ్మలు గీసుకోవడానికి 21 గళ్లు ఇస్తుంది. తెలుగుకు అవి ఏ మూలకూ చాలవు. అందుకని ఆయన గళ్ల పుస్తకంలో ఒక్కో అక్షరం గీసుకుని, లెక్కలు కట్టి, 23606, 23607 అడ్రసుల్లో విలువలు మార్చి మొత్తం అక్షరమాలనే తన వైపు తిప్పుకున్నారు. ఒక్కో తెలుగు అక్షరానికి రెండేసి గళ్లు వాడారు. అక్షరాలు పంపే ప్రింటరైతే ఆ 'కందుకూరు' స్థానంలో అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. చుక్కలు పంపితే ఆయన గీసింది గీసినట్టు వస్తుంది. కంప్యూటరు చుక్కలు ఇస్తోంది, మనం చుక్కలే తీసుకోవాలి.

నాలుగు చిప్పులు, ఒక నానో

స్పెక్ట్రమ్ వెనకాల బోర్డు అంచే కనెక్టరు. రెండు వైపులా 28 చొప్పున 56 పట్టీలు, 2.54 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. 5వ స్థానంలో గాడి ఉంటుంది. ఆ సైజు కనెక్టరు మా దగ్గర దొరకలేదు. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో పొడవాటిది ఒకటి కొని, హాక్‌సా బ్లేడుతో కోసి, గాడి ఉన్న చోట ఫైబరు ముక్క అతికించాను. ఆ ముక్క ఊరికే పెట్టింది కాదు. ఈ కంప్యూటర్లో కింది 16కే ర్యామ్‌కి వాడిన 4116 చిప్పులకు +5, −5, +12 అని మూడు వోల్టేజీలు కావాలి. కరెంటు ఉండగా కనెక్టరు ఒక్క పట్టీ పక్కకు జరిగినా ఇవి ఒకదానితో ఒకటి కలుస్తాయి. −5 పోయిందంటే ఆ చిప్పులు కాలిపోతాయి. ఇలాంటి పని చేసేవాళ్లు ఇంకేది మర్చిపోయినా ఆ గాడి ముక్కను మర్చిపోకండి. స్విచ్చి తీసేశాకే పెట్టండి, తీయండి.

అడ్రసు గుర్తించడానికి ఒక్క 74హెచ్‌సీటీ32 సరిపోయింది. అందులో నాలుగు ఓఆర్ గేట్లున్నాయి. అడ్రసు లైను ఏ2, పోర్టుతో పని ఉందని కంప్యూటరు చెప్పే ఐఓఆర్‌క్యూ లైను ఒక గేటులోకి వెళ్తాయి. దాని ఫలితం ఆర్‌డీతో కలిస్తే 'చదువు' సంకేతం, డబ్ల్యూఆర్‌తో కలిస్తే 'రాయి' సంకేతం. మూడు గేట్లతో పని అయిపోయింది. పాత ప్రింటరు కూడా ఏ2 ఒక్కదాన్నే చూసేది. కంప్యూటరు చదివినప్పుడు జవాబు ఇవ్వడానికి 74హెచ్‌సీటీ125. అందులో ఒక బఫరు గేటును భూమికి, అంటే 0 వోల్టులకు, కట్టేస్తే 6వ బిట్ ఎప్పుడూ 0, అంటే ప్రింటరు ఎప్పుడూ ఉన్నట్టే. కంప్యూటరు రాసిన బైటును పట్టుకోవడానికి 74హెచ్‌సీటీ374. 'సిద్ధం' అని కంప్యూటరుకు చెప్పే 7వ, 0వ బిట్ల జెండాలు రెంటికీ 74హెచ్‌సీటీ74. వెనకాల ఆర్డునో నానో అనే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు.

నానో ఉండగా జెండాలకు వేరే చిప్పు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. రొటీనులోని ఆదేశాలను గడియారం లెక్కన కూడి చూశాను. 3.5 మెగాహెర్ట్జ్ వేగంలో, ఒక చుక్క రాసిన సుమారు 13 మైక్రోసెకన్లకే కంప్యూటరు మళ్లీ చదవడానికి వస్తుంది. ఆ సమయంలో నానో సీరియల్ పనిలో, అంటే ప్రింటరుకు బిట్ వెంట బిట్ పంపే పనిలో, ఉండి జెండా దించడం ఆలస్యం చేస్తే, కంప్యూటరు పాత జెండానే చూసి రెండో చుక్క రాసేస్తుంది, మొదటి చుక్క పోతుంది. అందుకే జెండా దించే పని 'రాయి' సంకేతానికే అప్పగించాను. కంప్యూటరు రాసిన ఆ క్షణమే చిప్పు దానంతటది జెండా దించుతుంది. ఎత్తడం మాత్రం నానో తీరిగ్గా చేసుకుంటుంది. నానోని ఎంచుకోవడానికి ఇంకో కారణం అది 5 వోల్టులది కావడం. 3.3 వోల్టుల బోర్డులైతే మధ్యలో వోల్టేజీ మార్చే లెవెల్ షిఫ్టర్లు పెట్టాల్సి వచ్చేది.

ప్రింటరు విషయంలో మొదట పొరపాటు చేశాను. షాపులో 58 మిల్లీమీటర్ల చిన్న ప్రింటరు ఉంది. దాని వెడల్పు 384 చుక్కలు. 256ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే సరిగ్గా 384! లెక్క ఇంత ముచ్చటగా కుదిరేసరికి ఇదే సరైనదనుకున్నాను. ప్రింటు తీసి చూస్తే కళ్లకు ఇబ్బందిగా ఉంది. ఒకటిన్నర రెట్లు అంటే ఒక చుక్క ఒకటిగానే ఉంటుంది, పక్కది రెండవుతుంది. ఒక గీత సన్నగా, ఒక గీత లావుగా వచ్చింది. ఇంగ్లిషు ఎలాగో చదవవచ్చు. 'క' తలకట్టు మాత్రం విరిగినట్టు కనబడింది. దాంతో ఓ కిరాణా షాపు వాళ్లు మార్చేసిన 80 మిల్లీమీటర్ల పాత ప్రింటర్ని తెచ్చి రోలరు, హెడ్డు శుభ్రం చేశాను. దానికి 576 చుక్కలు. ప్రతి చుక్కనూ అడ్డంగా, నిలువుగా రెండు చేస్తే 512, అంటే 64 మిల్లీమీటర్ల వెడల్పు. చుక్కలన్నీ సమానంగా పడ్డాయి. ఈ ప్రింటర్లలో బొమ్మను రెట్టింపు చేసి వేసే ఆదేశం ముందే ఉంటుంది కనుక నానోకి ఆ శ్రమ కూడా లేదు. వరసకు 32 బైట్లు పంపితే చాలు.

ఈ ప్రింటరుకు 24 వోల్టుల సొంత అడాప్టరు ఉంది. కంప్యూటరు నుంచి ఒక్క మిల్లీయాంపు కూడా ప్రింటరుకు వెళ్లదు, భూమి మాత్రమే ఉమ్మడి. మధ్యలో నానో సంకేతాలను ప్రింటరు సీరియల్ వోల్టేజీలకు మార్చే మాక్స్232 చిప్పు ఉంటుంది. ప్రింటరు కాక విడిభాగాలకు 1,400 రూపాయల దాకా అయింది.

వాలిపోయిన ఎక్కం

మొదటి ప్రింటు వచ్చిన సాయంత్రం మాస్టారు షాపులోనే ఉన్నారు. 12వ ఎక్కం ప్రోగ్రాము లోడు చేసి కాపీ కొట్టాం. కాగితం వచ్చింది, దాని మీద అంకెలూ వచ్చాయి, కానీ అన్నీ కుడివైపుకు వాలిపోయి ఉన్నాయి. నిలువుగా ఉండాల్సిన ఈక్వల్ గుర్తుల వరస ఏటవాలుగా జారి, కుడి అంచు దాటి, ఎడమవైపున మళ్లీ మొదలైంది.

నేను ప్రింటరు వైపు, బాడ్ రేటు (సీరియల్ వేగం) వైపు వెతకడం మొదలుపెట్టాను. మాస్టారు ఆ కాగితం తీసుకుని, జేబులోంచి స్కేలు తీసి, పెన్సిలుతో గీతలు గీశారు. కాసేపటికి "ఒక్కో వరసకి సరిగ్గా ఒక్క చుక్క జరుగుతా ఉంది. తక్కువా లేదు, ఎక్కువా లేదు. నువ్వు 256 అనుకుంటున్నావు, అది 257 పంపుతా ఉంది" అన్నారు.

అదే నిజం. వరస మొదట్లో రాసే 'మోటారు తిప్పు' అన్న మాటను కూడా నా ప్రోగ్రాము చుక్క కింద లెక్కేసింది. దాంతో ప్రతి వరసా ముందుదాని కన్నా ఒక చుక్క కుడికి జరిగింది. రెండు జెండాలనూ ఒకే తీగకు కట్టి, వచ్చిన ప్రతి రాతనూ చుక్కే అనుకున్నాను. తర్వాత నానోలో లెక్క మార్చాను. మోటారు ఆగాక గానీ, 256 చుక్కలు నిండాక గానీ వచ్చే మొదటి రాత చుక్క కాదు, వరస మొదలని చెప్పే మాట. దాని తర్వాతివే చుక్కలు. 2వ బిట్ 1 తో ఏ రాత వచ్చినా లెక్క మళ్లీ సున్నా. జెండాలను కూడా విడదీసి, 7474 చిప్పులో ఒక సగం 7వ బిట్‌కి, రెండో సగం 0వ బిట్‌కి ఇచ్చాను. ఎక్కం నిటారుగా నిలబడింది.

బ్రేక్ కీ

దీన్ని నేను కనిపెట్టలేదు, ఇది కూడా మాస్టారు వాడుతుండగానే బయటపడింది. పొడవాటి లిస్టింగు తీస్తుండగా కాగితం చుట్ట అయిపోయింది. ప్రింటరు ఆగింది, కంప్యూటరూ ఆగింది. అంతవరకు బాగానే ఉంది. మాస్టారు బ్రేక్ నొక్కారు. స్పందన లేదు. మళ్లీ మళ్లీ నొక్కారు. ఆ సమయంలో షాపులో చుట్ట కూడా లేదు. చివరికి ప్లగ్గు పీకాల్సి వచ్చింది. క్యాసెట్టు నుంచి నాలుగైదు నిమిషాలు లోడు చేసిన ప్రోగ్రాము, అందులో ఆయన అప్పుడే సరిదిద్దిన రెండు లైన్లు, రెండూ పోయాయి. ఆయన నన్ను ఏమీ అనలేదు. "పాతదాంట్లో బ్రేక్ కొడితే ఆగేది" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాతది చేసిన పనిని కొత్తది చేయకపోతే దాన్ని బదులు ప్రింటరు అని ఎలా అంటాం?

కారణం ఇంతకుముందు రాసిన రొటీనులోనే ఉంది. కంప్యూటరు బ్రేక్ కీని వరసకూ వరసకూ మధ్య, 7వ బిట్ కోసం ఎదురుచూసేటప్పుడు మాత్రమే చూస్తుంది. వరస లోపల, చుక్కల మధ్య, చూడదు. పాత ప్రింటర్లో స్టైలస్ ఒకసారి కాగితం మీదికి ఎక్కితే అవతలి అంచు దాకా పోయి తీరుతుంది, మధ్యలో ఆగే ప్రశ్న లేదు. కాబట్టి అక్కడ చూడాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. నా నానో ఏం చేస్తోంది? ఎనిమిది చుక్కలు పోగవగానే ఒక బైటు చేసి నేరుగా సీరియల్‌లోకి తోసేస్తోంది. ప్రింటరు ఆగగానే నానోలో బైట్లు తాత్కాలికంగా ఆగే చిన్న బఫరు నిండిపోయి, వరస మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. కంప్యూటరును బ్రేక్ చూడని చోట నిలబెట్టేశాను.

నానోలో ఉన్న ర్యామ్ 2కే. మొత్తం స్క్రీను 5,632 బైట్లు కనుక పట్టదు. ఎనిమిది వరసలు మాత్రం 256 బైట్లే. అందుకని 256 బైట్ల బఫర్లు రెండు పెట్టాను. ఒకటి నిండుతుంటే రెండోది ప్రింటరుకు వెళ్తుంది. కొత్త వరస మొదలయ్యేటప్పుడు దాన్ని పెట్టుకునేందుకు చోటుంటేనే 7వ బిట్ జెండా ఎత్తుతుంది. ఒకసారి ఎత్తిందంటే, ఆ వరస 256 చుక్కలకూ చోటు ఖాయం. కాబట్టి ఆగాల్సి వస్తే వరస మొదట్లోనే, బ్రేక్ చూసే చోటే ఆగుతుంది. కాగితం అయిపోతే ప్రింటరు తన బిజీ లైను మీద చెబుతుంది, నానో జెండా ఎత్తడం మానేస్తుంది. మాస్టారు బ్రేక్ కొడితే స్పెక్ట్రమ్ ఎప్పటిలాగే ఆ సంగతి స్క్రీను కింద చూపించి, కీబోర్డు ఆయన చేతికి ఇచ్చేస్తుంది. బఫర్లో మిగిలిన రెండు మూడు వరసలుంటే, మోటారు ఆపు అన్న మాట రాగానే అవి కూడా బయటికి పోతాయి.

ఈ మార్పుతో ఇంకో బెడద కూడా తీరింది. అంతకుముందు వరసకొక ఆదేశం పంపుతున్నందువల్ల ప్రింటరు ఆగి ఆగి నడిచేది, అక్కడక్కడా సన్నటి తెల్ల గీతలు పడేవి. ఎనిమిదేసి వరసలు కలిపి 19,200 బాడ్‌లో పంపితే అవి దాదాపు పోయాయి. పాత ప్రింటరు సెకనుకు సుమారు 50 అక్షరాల వేగంతో ఒక స్క్రీనుకు 14 సెకన్ల దాకా తీసుకునేది. ఇది మూడు నాలుగు సెకన్లలో తీస్తోంది.

వెండి పట్టీ పక్కన

చివరి పరీక్షకు మాస్టారు 1986 నాటి ఆ క్యాసెట్టే తెచ్చారు. సముద్రపు గాలికి టేపు అంచుల్లో కాస్త బూజు పట్టింది. ప్లేయరు హెడ్డు స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ మూడోసారికి లోడు చేయగలిగాం. ఎల్‌ప్రింట్ లైన్లు అలాగే ఉన్నాయి, ఒక్కటీ మార్చలేదు. రన్ కొట్టారు.

'కందుకూరు' వచ్చింది. పాత పట్టీని పక్కన పెట్టి భూతద్దంతో చూశాం. పాతదాంట్లో చుక్కలు కొద్దిగా గరుకుగా, కాలిన అంచులతో ఉన్నాయి, కొత్తదాంట్లో నున్నగా, చతురస్రంగా ఉన్నాయి. వెడల్పు తగ్గింది కాబట్టి అక్షరం చిన్నదైంది. చుక్కల లెక్క మాత్రం ఒకటే. 'దు' కొమ్ము కింద ఒక చుక్క విడిగా పడి ఉంది, రెండింట్లోనూ అదే చోట. "అది నా తప్పే. ఆ రోజు గళ్ల పుస్తకంలో లెక్క తప్పాను, మళ్లీ దిద్దలేదు" అన్నారు మాస్టారు. ఆ తప్పు చుక్కను చూశాకే నాకు ఈ ప్రింటరు మీద పూర్తి నమ్మకం కలిగింది.

ఒక్క విషయంలో పాతదానికి ఇది సాటి రాదు, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాను. థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, కాలం గడిస్తే వెలిసిపోతుంది. రోహిణి కార్తెలో బండి డిక్కీలో మర్చిపోయిన బిల్లు ఏమవుతుందో నెల్లూరులో అందరికీ తెలుసు. వెండి పట్టీ లాగా ఇది డైరీలో 40 ఏళ్లు ఉండదు. అందుకు రెండు ఏర్పాట్లు చేశాం. తీసిన ప్రతి లిస్టింగునూ ఆ వారంలోనే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్ కాగితాలనే ఫైలు చేయడం ఒకటి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టవద్దని, జిగురు టేపు అంటించవద్దని చెప్పాను, ఆ రెండూ థర్మల్ అచ్చును తినేస్తాయి. రెండోదానికి ఖర్చు లేదు. నానో నుంచి ప్రింటరుకు వెళ్లే బైట్లే దాని యూఎస్‌బీ మీదకూ వెళ్తాయి. లాప్‌టాప్ తగిలిస్తే అవే చుక్కలు బొమ్మ ఫైలుగా దాచుకోవచ్చు. లాప్‌టాప్‌లో పోర్టు తెరవగానే నానో రీసెట్ అవుతుంది కాబట్టి, ముందు అది తెరిచి ఆ తర్వాతే కాపీ కొట్టాలని మనవడికి కాగితం మీద రాసి ఇచ్చాను.

సర్క్యూటును పాత కాటా డబ్బాలో బిగించాను. కనెక్టరుకు బరువు పడకుండా కింద రబ్బరు కాళ్లు పెట్టాను, వెనక గాడి దగ్గర ఎర్ర పెయింటుతో 'స్విచ్ ఆపి పెట్టాలి' అని రాశాను. కంప్యూటర్లో ఏమీ విప్పలేదు. పాత ప్రింటరును మళ్లీ తగిలించాలంటే మా డబ్బా లాగేస్తే చాలు.

మాస్టారు కావలి మీదుగా బస్సులో రెండు వారాలకొకసారి వస్తుంటారు. చుట్టలు నా దగ్గరే కొంటున్నారు. ఇప్పటికి పదకొండు క్యాసెట్లు కాగితం మీదికి వచ్చాయి. పన్నెండోది గ్రహణాల లెక్క. టేపు రీలుకు అతుక్కుపోయింది. వచ్చేసారి తెస్తానన్నారు. రీలు మార్చడానికి ఖాళీ క్యాసెట్టు షెల్లు ఒకటి వెతికి పెట్టాను.